సోవియట్ చట్టంలో మతస్వేచ్ఛ: రాజ్యాంగ హామీ – నమోదు వ్యవస్థ

వ్యాస సంగ్రహం: సోవియట్ రాజ్యవ్యవస్థ 1918 నుంచి 1977 వరకు వెలువరించిన రాజ్యాంగాల్లో చాలావరకు మతస్వేచ్ఛను ఏదో ఒక రూపంలో గుర్తించాయి. ఆ హామీలను ఆచరణతో పోల్చి ‘కాగితపు హక్కులు’ అని తీర్పు చెప్పడం పరిపాటి. ఆ తీర్పులో నిజం లేకపోలేదు గాని, హక్కు ఎక్కడ, ఏ సాధనంతో కుదించుకుపోయిందో అది వివరించదు. విశ్వసించే వ్యక్తికి రక్షణ ఇచ్చిన చట్టమే విశ్వాసుల సమాజానికి న్యాయవ్యక్తిత్వాన్ని నిరాకరించిందనీ, ఆ ఖాళీలో వెలసిన నమోదు వ్యవస్థే మతస్వేచ్ఛ అసలు పరిమాణాన్ని నిర్ణయించిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: మతస్వేచ్ఛ, సోవియట్ రాజ్యాంగం, న్యాయవ్యక్తిత్వం, నమోదు, 1929 మతసంఘాల చట్టం.

1. ప్రవేశిక

1937 జనవరిలో సోవియట్ యూనియన్ జరిపిన జనాభా గణనలో పదహారేళ్లు, ఆపై వయసు గలవారిని ఒక ప్రత్యేకమైన ప్రశ్న అడిగారు: మీరు మతవిశ్వాసులా, కాదా? విశ్వాసులైతే ఏ మతం? అప్పటికి విప్లవం జరిగి ఇరవై ఏళ్లు కావస్తోంది. వేలాది ప్రార్థనాలయాలు మూతపడ్డాయి. అయినా సుమారు 5.5 కోట్ల మంది తాము విశ్వాసులమని గణకుల ఎదుట చెప్పారు. కాదన్నవారు సుమారు 4.2 కోట్లు. ఆ గణనను ప్రభుత్వం లోపభూయిష్టమని ప్రకటించి ఫలితాలను తొక్కిపెట్టింది. దానికి సారథ్యం వహించిన గణాంకాధికారుల్లో పలువురు అరెస్టయ్యారు, కొందరిని కాల్చి చంపారు. మొత్తం జనాభా ప్రభుత్వం ఊహించినదానికన్నా బాగా తక్కువగా తేలడం దీనికి ప్రధాన కారణం. విశ్వాసుల సంఖ్య కూడా పాలకులకు రుచించేది కాదు. 1939లో మళ్లీ జరిపిన గణనలో మతం గురించిన ప్రశ్నే లేదు.

ఆ గణకుడు ఇంటి గడప తొక్కడానికి నెల ముందే, 1936 డిసెంబర్ 5న, కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. మతారాధన స్వేచ్ఛను పౌరులందరికీ గుర్తిస్తున్నట్లు దాని 124వ అధికరణం పలికింది. అంతకు ముందు 1918 నాటి డిక్రీ, పౌరుని మతాన్ని సూచించే పదాన్ని ప్రభుత్వ పత్రాలన్నింటి నుంచీ తొలగించింది. చట్టం అక్షరాన్ని బట్టి చూస్తే, ‘విశ్వాసిని’ అని జవాబిచ్చిన వ్యక్తికి ఏ భయమూ ఉండనక్కరలేదు. ఆ ఏడాది వేసవిలోనే మతాచార్యుల సామూహిక అరెస్టులు మొదలయ్యాయి.

అందువల్ల ఇక్కడ అడగవలసినది, రక్షణ ఉన్నదా లేదా అని కాదు. చట్టం ఎవరిని రక్షించింది, ఎవరిని రక్షణ వెలుపల నిలబెట్టింది అన్నది.

2. 1918 డిక్రీ: విముక్తి, నిరాకరణ

జారుల రష్యాలో ఆర్థొడాక్స్ చర్చి రాజ్యాంగభాగం. జనన, వివాహ, మరణాల నమోదు మతసంస్థల చేతుల్లో ఉండేది. ఆర్థొడాక్స్ మతాన్ని విడిచి మరో క్రైస్తవ శాఖలో చేరడం 1905 ఏప్రిల్ నాటి సహన శాసనం వచ్చేదాకా నేరమే. యూదులు, పురాతనాచారులు, బాప్టిస్టులు తరతమ భేదాలతో చట్టపరమైన అనర్హతలను మోస్తూ వచ్చారు. ఈ నేపథ్యంలో 1918 జనవరి 23న వెలువడిన ‘రాజ్యం నుంచి చర్చిని, చర్చి నుంచి పాఠశాలను వేరుచేసే డిక్రీ’ని అల్పసంఖ్యాక మతశాఖలు ఒక విముక్తి పత్రంగా చదువుకున్నాయంటే ఆశ్చర్యం లేదు.

పదమూడు అంశాల ఆ డిక్రీలో మూడవది, ప్రతి పౌరుడూ ఏ మతాన్నైనా అవలంబించవచ్చు, ఏదీ అవలంబించకపోవచ్చు అంటుంది. మతం కారణంగా కలిగే హక్కుల నష్టాన్నంతటినీ రద్దు చేస్తుంది. ప్రజాశాంతికి, ఇతరుల హక్కులకు భంగం కలగనంత మేరకు మతకర్మల నిర్వహణ స్వేచ్ఛకు అయిదవ అంశం హామీ ఇస్తుంది. మతాన్ని కారణంగా చూపి పౌరవిధులను ఎవరూ తప్పించుకోరాదని చెప్పిన ఆరవ అంశం, ప్రజాన్యాయస్థానం అనుమతిస్తే ఒక విధికి బదులు మరొక విధిని స్వీకరించే వెసులుబాటు కల్పించింది. 1919 జనవరి 4 నాటి మరో డిక్రీ ఈ వెసులుబాటును సైనిక సేవకు ప్రత్యేకంగా వర్తింపజేసింది. ఆయుధం పట్టడం తమ మతానికి విరుద్ధమన్న వారి వాదనను పరిశీలించడంలో న్యాయస్థానాలు, టాల్‌స్టాయ్ అనుయాయి వ్లదీమిర్ చెర్త్కోవ్ నాయకత్వంలోని మతసమాజాల ఐక్యమండలి అభిప్రాయాన్ని తీసుకునేవి. అంతర్యుద్ధం నడుమ ఒక ప్రభుత్వం ఇంత దూరం రావడం చిన్న విషయం కాదు. 1939 నాటి సార్వత్రిక సైనిక సేవా చట్టంలో ఈ మినహాయింపు కనిపించదు.

అయితే డిక్రీ చివరి రెండు అంశాలు దాని స్వభావాన్నే మార్చివేశాయి. ఏ మతసంఘానికీ ఆస్తి కలిగి ఉండే హక్కు లేదు, న్యాయవ్యక్తి హోదా లేదు అన్నది పన్నెండవ అంశం. ఉన్న ఆస్తులన్నీ ప్రజల ఆస్తులు, ఆరాధనకు అవసరమైన భవనాలను, వస్తువులను ప్రభుత్వం ప్రత్యేక నిర్ణయం ద్వారా ఉచితంగా వాడుకోనిస్తుంది అన్నది పదమూడవది.

న్యాయవ్యక్తిత్వం లేకపోవడం అంటే ఏమిటో తెలుగు పాఠకుడు సులభంగానే గ్రహించగలడు. భారతీయ న్యాయశాస్త్రంలో దేవతామూర్తియే న్యాయవ్యక్తి. మాన్యం భూమి స్వామివారి పేర ఉంటుంది. స్వామివారి తరఫున దావా వేయవచ్చు, స్వామివారిపై దావా వేయవచ్చు. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ ధర్మాదాయ చట్టం ఆలయ నిర్వహణపై ప్రభుత్వానికి ఎంత పట్టు ఇచ్చిందన్నది వేరే చర్చ. అంత పట్టు ఉన్నా, ఆస్తికి యజమాని దేవుడే గాని ప్రభుత్వం కాదు. సోవియట్ వ్యవస్థలో గుడి గంట మొదలు నైవేద్య పాత్ర దాకా ప్రతి వస్తువూ రాజ్యానిదే. భక్తులు దానిని ఒప్పందంపై వాడుకునేవారు మాత్రమే. వారి సమాజం పేరిట అద్దెకు తీసుకోవడానికి, బ్యాంకులో నిల్వ ఉంచడానికి, కోర్టుకెక్కడానికి చట్టం గుర్తించే ‘వ్యక్తి’ ఎవరూ లేరు.

1918 జూలై నాటి రాజ్యాంగం 13వ అధికరణంలో మత ప్రచార స్వేచ్ఛను, మతవ్యతిరేక ప్రచార స్వేచ్ఛను సమానంగా ప్రకటించింది. అదే రాజ్యాంగం 65వ అధికరణంలో మతాచార్యులకు, సన్న్యాసులకు ఓటుహక్కు నిరాకరించింది.

3. రాజ్యమూ పార్టీ

ఈ వైరుధ్యాన్ని కేవలం కపటంగా కొట్టివేస్తే విశ్లేషణ అక్కడితో ఆగిపోతుంది. దాని వేళ్లు 1905లో లెనిన్ రాసిన ‘సోషలిజం – మతం’ వ్యాసంలో ఉన్నాయి. రాజ్యానికి సంబంధించినంతవరకు మతం వ్యక్తిగత వ్యవహారంగా ఉండాలి, పార్టీకి సంబంధించినంతవరకు మాత్రం అది వ్యక్తిగత వ్యవహారం కాజాలదు అన్నది ఆ వ్యాసంలోని ప్రధాన భేదం. రాజ్యం తటస్థంగా ఉంటుంది, పార్టీ భావజాల పోరాటం సాగిస్తుంది. పార్టీ అధికారం వెలుపల ఉన్నంతకాలం ఇది పొందికైన వాదమే. ఒకే పార్టీ రాజ్యమంతటినీ ఆక్రమించిన తరువాత తటస్థుడెవరో, పోరాడేవాడెవరో వేరుచేయడం అసాధ్యమైంది. పాఠశాల రాజ్యానిది, నాస్తికబోధ పార్టీ కార్యక్రమం, ఉపాధ్యాయుడు ఒక్కడే.

4. 1929: ఆరాధనకు కుదింపు

1929 ఏప్రిల్ 8న రష్యా సోవియట్ రిపబ్లిక్ వెలువరించిన ‘మతసంఘాల గురించి’ అన్న శాసనం, 1975లో కొన్ని సవరణలు పొంది, 1990 దాకా అమల్లో ఉంది. సోవియట్ మతస్వేచ్ఛ గురించి మాట్లాడేవారు రాజ్యాంగ అధికరణాలను ఉటంకించినంతగా దీనిని ఉటంకించరు. విశ్వాసి దైనందిన జీవితాన్ని శాసించినది మాత్రం ఇదే.

దీని ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన ఇరవై మంది కలిస్తే మతసంఘం ఏర్పడుతుంది. నమోదు కానిదే అది పని ప్రారంభించరాదు. భవనాన్ని, పూజాసామగ్రిని ఒప్పందంపై పొందేది ఆ ఇరవై మందే. సంఘ కార్యనిర్వాహక మండలికి సభ్యులను ఎన్నుకునేదీ సంఘమే. అయితే ఎన్నికైన వారిలో ఎవరినైనా తొలగించే అధికారం 14వ నిబంధన కింద నమోదు అధికారులకు ఉంది. ఆ నిబంధనకు అప్పట్లో ఎవరూ పెద్దగా ప్రాముఖ్యం ఇచ్చినట్లు కనిపించదు. ముప్పై ఏళ్ల తరువాత దాని పదును తెలిసివచ్చింది.

17వ నిబంధన నిషేధాల పట్టిక. పరస్పర సహాయ నిధులు పెట్టరాదు, సహకార సంఘాలు నడపరాదు, సభ్యులకు ఆర్థిక సహాయం చేయరాదు. పిల్లలకు, యువతకు, స్త్రీలకు ప్రత్యేక ప్రార్థనా సమావేశాలు జరపరాదు. గ్రంథ పఠన బృందాలు, కుట్టుపని బృందాలు, విహారయాత్రలు, ఆటస్థలాలు కూడదు. గ్రంథాలయం తెరవరాదు, వైద్య సహాయం ఏర్పాటు చేయరాదు. ప్రార్థనాలయంలో ఆరాధనకు అవసరమైన పుస్తకాలు తప్ప మరేవీ ఉంచరాదు. బోధకుని కార్యక్షేత్రం సంఘ సభ్యుల నివాస ప్రాంతానికి పరిమితం అన్నది 19వ నిబంధన.

ఈ పట్టికను నిదానంగా చదివితే ఒక నిర్వచనం బయటపడుతుంది. మతం అంటే నిర్ణీత భవనంలో, నిర్ణీత వేళల్లో జరిగే కర్మకాండ. దానం, బోధ, సేవ, సాంగత్యం దాని పరిధిలోకి రావు. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం ధర్మంలో భాగమా, కాదా అన్నది ఏ సంప్రదాయమైనా తనకు తానుగా చెప్పుకోవలసిన విషయం. ఇక్కడ దానిని ప్రభుత్వమే తేల్చివేసింది. ‘కల్ట్’ అన్న సోవియట్ పాలనా పదం, అంటే పూజావిధి, యాదృచ్ఛికంగా ఎంచుకున్నది కాదు.

అదే ఏడాది మే 18న రాజ్యాంగ పాఠాన్ని కూడా సవరించారు. ‘మత, మతవ్యతిరేక ప్రచార స్వేచ్ఛ’ అన్న మాటలు ‘మతావలంబన స్వేచ్ఛ, మతవ్యతిరేక ప్రచార స్వేచ్ఛ’గా మారాయి. మారినవి ఒకటి రెండు మాటలే. విశ్వాసి నమ్మవచ్చు, నాస్తికుడు చెప్పవచ్చు. 1936 నాటి 124వ అధికరణం ‘అవలంబన’ను కూడా తగ్గించి ‘ఆరాధన నిర్వహణ’ చేసింది. అంటే 17వ నిబంధనలోని నిర్వచనం రాజ్యాంగంలోకి ఎక్కింది. సాధారణంగా రాజ్యాంగాన్ని బట్టి చట్టాన్ని సరిదిద్దుతారు. ఇక్కడ చట్టాన్ని బట్టి రాజ్యాంగాన్ని సరిదిద్దారు.

5. 1936 – 1943

మతకర్మల నిర్వహణను పూర్తిగా నిషేధించాలన్న సవరణ ప్రతిపాదనను 1936 నవంబర్ 25 నాటి ప్రసంగంలో స్టాలిన్ తోసిపుచ్చాడు. అది రాజ్యాంగ స్ఫూర్తికి విరుద్ధమన్నాడు. మతాచార్యులకు ఓటుహక్కు తిరిగి ఇవ్వడాన్ని కూడా సమర్థించాడు. ఎనిమిది నెలలు దాటగానే, 1937 జూలై 30న, రహస్య పోలీసు శాఖ జారీచేసిన 00447వ ఆదేశం అణచివేయవలసిన వర్గాల జాబితాలో ‘చర్చివారిని, మతశాఖల కార్యకర్తలను’ చేర్చింది. శిక్షలు విధించినవి న్యాయస్థానాలు కావు, త్రిసభ్య మండళ్లు. 124వ అధికరణాన్ని ఎవరూ రద్దు చేయలేదు, సవరించలేదు. దానిని ఉదహరించడానికి ఒక వేదిక లేకుండా చేశారంతే.

యుద్ధం పరిస్థితిని మార్చింది. 1943 సెప్టెంబర్ 4 రాత్రి స్టాలిన్ ముగ్గురు మెట్రోపాలిటన్లను, సెర్గియ్, అలెక్సియ్, నికొలాయ్‌లను, క్రెమ్లిన్‌కు పిలిపించాడు. నాలుగు రోజులకే బిషప్పుల సభ సెర్గియ్‌ని పాత్రియార్క్‌గా ఎన్నుకుంది. ముస్లింలకు ఉఫా, తాష్కెంట్, బాకు, ఉత్తర కాకసస్‌లలో నాలుగు ఆధ్యాత్మిక మండళ్లకు అనుమతి లభించింది. 1929 శాసనంలో మాత్రం మార్పు లేదు. ఊపిరి పీల్చుకునే వీలు పాలకుని నిర్ణయం వల్ల వచ్చింది, హక్కు వల్ల రాలేదు. నిర్ణయం మారితే ఏమవుతుందో మరో పదిహేనేళ్లకు గాని తెలియలేదు.

6. నమోదు అధికారి బల్ల దగ్గర

ఆర్థొడాక్స్ చర్చి వ్యవహారాలకు 1943లో, ఇతర మతాలకు 1944లో ప్రభుత్వ సమితులు ఏర్పడ్డాయి. 1965లో రెండింటినీ కలిపి మతవ్యవహారాల సమితిగా మార్చారు. మొదటి సమితి అధ్యక్షుడు గియోర్గీ కార్పోవ్ రాజ్యభద్రతా శాఖ అధికారి. ప్రతి ప్రాంతంలోనూ సమితి తరఫున ఒక ప్రతినిధి ఉండేవాడు. సంఘం మాత్రమే కాదు, బోధకుడు కూడా ఆ ప్రతినిధి వద్ద నమోదై ధ్రువపత్రం పొందవలసిందే. అది లేని పురోహితుడు ఆరాధన నిర్వహిస్తే చట్టాన్ని ఉల్లంఘించినట్లు. ధ్రువపత్రాన్ని వెనక్కి తీసుకోవడానికి విచారణ అక్కరలేదు.

1958 నుంచి 1964 వరకు సాగిన క్రుష్చేవ్ కాలపు మతవ్యతిరేక ఉద్యమం ఈ వ్యవస్థ శక్తిని పూర్తిగా చూపింది. 1930ల నాటిలా కాల్చివేతలు లేవు. 1961 జూలై 18న బిషప్పుల సభ, ప్రభుత్వ ఒత్తిడికి లొంగి, పారిష్ ఆర్థిక, పాలన బాధ్యతల నుంచి పురోహితుణ్ణి తప్పించింది. అధికారం ముగ్గురు గృహస్థ సభ్యుల కార్యనిర్వాహక మండలికి చేరింది. పురోహితుడు ఒప్పందంపై పనిచేసే ఉద్యోగి అయ్యాడు. ఇక 14వ నిబంధనను గుర్తు చేసుకోవాలి. ఆ మండలి సభ్యులను అధికారులు తొలగించగలరు. తొలగించిన స్థానంలో అనుకూలురు వస్తే, భవనాన్ని వదులుకుంటున్నామని వారే సంతకం చేయగలరు. అప్పుడు చర్చి మూసివేత ప్రభుత్వ చర్యగా కాక, సంఘం స్వచ్ఛందంగా చేసిన పనిగా రికార్డులో కెక్కుతుంది. 1958లో 13 వేలకు పైగా ఉన్న నమోదిత ఆర్థొడాక్స్ చర్చీలు 1966 నాటికి సుమారు ఏడున్నర వేలకు తగ్గాయి.

నమోదుకు అసలే నోచుకోని వారి స్థితి మరింత దుర్భరం. 1946 మార్చిలో ల్వీవ్‌లో జరిపించిన సభ ద్వారా ఉక్రెయిన్ గ్రీక్ కాథలిక్ చర్చిని ఆర్థొడాక్స్ చర్చిలో విలీనం చేశారు. అప్పటి నుంచి 1989 దాకా చట్టం దృష్టిలో ఆ చర్చి లేదు. లేని చర్చికి హక్కులుండవు. దాని విశ్వాసి ఇంట్లో రహస్యంగా జరిగిన పూజకు 124వ అధికరణం వర్తించలేదు.

7. శిక్షాస్మృతిలో ఎదురెదురు నిబంధనలు

1960 నాటి రష్యా శిక్షాస్మృతిలో 142, 143 నిబంధనలు పక్కపక్కనే ఉన్నాయి. చర్చి–రాజ్య విభజన చట్టాల ఉల్లంఘన 142 కింద నేరం. మతకర్మల నిర్వహణను అడ్డుకోవడం 143 కింద నేరం. మొదటిది విశ్వాసిని శిక్షిస్తుంది, రెండవది విశ్వాసికి రక్షణ. శిక్షల కొలత చూస్తే పాలకుల మొగ్గు తెలుస్తుంది. 143 కింద గరిష్ఠ శిక్ష ఆరు నెలల దిద్దుబాటు శ్రమ లేదా బహిరంగ మందలింపు. 142 కింద నేరం పునరావృతమైతే, 1966 మార్చి 18 సవరణ తరువాత, మూడేళ్ల జైలు. మైనర్లకు క్రమబద్ధంగా మతబోధ చేయడం దీని పరిధిలోకి వచ్చింది. ‘పౌరులు వ్యక్తిగతంగా మతాన్ని బోధించవచ్చు, నేర్చుకోవచ్చు’ అన్న 1918 డిక్రీ తొమ్మిదవ అంశం రద్దు కాకుండానే నిర్వీర్యమైంది. వీటికి తోడు 227వ నిబంధన. మతబోధ ముసుగులో ఆరోగ్యానికి హాని చేసే, పౌరవిధులకు విముఖతను ప్రేరేపించే బృందాల నిర్వాహకులకు అయిదేళ్ల దాకా శిక్ష. ‘విముఖత’ అన్న మాటకు హద్దు లేదు.

ఇక్కడే సోవియట్ మతచరిత్రలో అత్యంత ఆసక్తికరమైన పరిణామం సంభవించింది. విశ్వాసులు చట్టాన్ని చదవడం మొదలుపెట్టారు. 1960లో బాప్టిస్టు కేంద్ర నాయకత్వం ప్రభుత్వ ఒత్తిడి వల్ల పిల్లలను ఆరాధనలకు దూరంగా ఉంచే సూచనలు జారీచేసినప్పుడు, 1961లో ఒక చొరవ బృందం దానిని ధిక్కరించింది. ఆ ధిక్కారానికి వారు బైబిల్‌నే కాదు, 1918 డిక్రీని కూడా ఆధారంగా చూపారు. నమోదును అంగీకరించకపోవడం అరాచకం కాదనీ, చర్చి వేరు రాజ్యం వేరు అన్న లెనిన్ సూత్రాన్ని ప్రభుత్వం కన్నా తామే నమ్మకంగా పాటిస్తున్నామనీ వారి వాదన. 1965 చివరలో గ్లేబ్ యాకునిన్, నికొలాయ్ ఎష్లిమన్ అనే ఇద్దరు ఆర్థొడాక్స్ పురోహితులు పాత్రియార్క్‌కు, రాజ్యాధినేత పోద్గోర్నీకి బహిరంగ లేఖలు రాశారు. మతవ్యవహారాల అధికారులు సోవియట్ చట్టాలనే ఉల్లంఘిస్తున్నారన్నది వారి అభియోగం. ఆరు నెలలకు వారిని పౌరోహిత్యం నుంచి నిషేధించినది ప్రభుత్వం కాదు, పాత్రియార్కే. లిథువేనియాలో 1972లో బ్రెజ్నేవ్‌కు పంపిన కాథలిక్కుల విజ్ఞాపనపై 17 వేలకు పైగా సంతకాలు చేరాయి.

ఈ విజ్ఞాపనలు తక్షణ ఫలితం ఇవ్వలేదు. అయినా కాగితపు హక్కు పనికిమాలినదన్న సులభ నిర్ధారణకు ఇవి అడ్డుపడతాయి. రాసి ఉన్న హామీని పాలకుని ఎదుట చదివి వినిపించవచ్చు. ఆ పని చేసినవారిని జైలుకు పంపాలంటే పాలకుడు తన పత్రాన్ని తానే కాదనవలసి వస్తుంది.

8. 1977: రెండు రాజ్యాంగ పాఠాలు

1977 అక్టోబర్ నాటి రాజ్యాంగం 52వ అధికరణంలో ‘అంతఃకరణ స్వేచ్ఛ’ అన్న పదం ఉంది. ఏ మతాన్నైనా అవలంబించే, అవలంబించకుండా ఉండే, ఆరాధన నిర్వహించే, నాస్తిక ప్రచారం చేసే హక్కు అని దానిని వివరించారు. 1929 నాటి అసమానత అలాగే ఉంది. హక్కుల వినియోగం సమాజ, రాజ్య ప్రయోజనాలకు నష్టం కలిగించరాదని 39వ అధికరణం చెప్పగా, పార్టీయే సమాజాన్ని నడిపే శక్తి అని 6వ అధికరణం చెప్పింది.

అదే ఏడాది జనవరిలో భారత రాజ్యాంగ పీఠికలోకి ‘సోషలిస్టు’, ‘సెక్యులర్’ పదాలు 42వ సవరణ ద్వారా అమల్లోకి వచ్చాయి. పదం ఒకటే అయినా చట్టపు పునాది వేరు. 25వ అధికరణం అవలంబన, ఆచరణలతో పాటు ప్రచారాన్ని కూడా పేర్కొంటుంది. 26వ అధికరణం మతశాఖలకు సంస్థలు నెలకొల్పే, ఆస్తి కలిగి ఉండే హక్కు ఇస్తుంది. 1918 డిక్రీ పన్నెండవ అంశం నిరాకరించినది సరిగ్గా దీనినే. అలాగని భారతీయ స్థితిని ఆదర్శంగా నిలపడం తొందరపాటు. 1977 జనవరిలోనే స్టెనిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచార హక్కులో మరొకరిని మతం మార్పించే హక్కు ఇమిడి లేదని తీర్పు చెప్పింది. ఆ తీర్పుపై విమర్శ నేటికీ సాగుతోంది. ఆ విమర్శకు న్యాయస్థానం, పత్రిక, తరగతి గది అనే వేదికలు ఉన్నాయన్నది తేడా.

9. 1990, ఆ తరువాత

1990 అక్టోబర్ 1 నాటి సోవియట్ చట్టం మతసంఘాలకు న్యాయవ్యక్తిత్వాన్ని, ఆస్తి హక్కును ఇచ్చింది. పది మంది చాలన్నది. సంఘం ఏర్పడినట్లు ప్రభుత్వానికి తెలియజేయడం తప్పనిసరి కాదన్నది. అదే నెల 25న రష్యా రిపబ్లిక్ సొంత చట్టం చేసుకుని, 1918 డిక్రీని, 1929 శాసనాన్ని రద్దు చేసింది. 1980లో అయిదేళ్ల శిబిరవాసం, ఆపై ప్రవాసం శిక్షగా పొందిన యాకునిన్ ఆ సంవత్సరమే రష్యా చట్టసభకు ఎన్నికై, అంతఃకరణ స్వేచ్ఛ సంఘంలో కూర్చున్నాడు.

1997 సెప్టెంబర్ 26న రష్యా ఆ చట్టాన్ని మార్చింది. కేంద్ర మతసంస్థకు చెందని స్థానిక సమాజం తాను పదిహేనేళ్లుగా ఆ ప్రాంతంలో ఉన్నట్లు చూపలేకపోతే, ఏటా తిరిగి నమోదు చేయించుకోవాల్సి ఉండేది, అంతవరకు విద్యాసంస్థలు నడపడం, పత్రిక వెలువరించడం వంటి హక్కులు ఉండేవి కావు. పదిహేనేళ్లు వెనక్కి లెక్కిస్తే 1982 వస్తుంది. నమోదును తిరస్కరించి జైళ్లకు వెళ్లిన సమాజాలు ఆనాటి నమోదు పత్రాన్ని సాక్ష్యంగా చూపలేవు. 1999 నవంబర్‌లో రష్యా రాజ్యాంగ న్యాయస్థానం, 1997 చట్టానికి ముందే నమోదైన సంస్థలకు ఈ షరతు వర్తించదని తేల్చింది. కొత్తగా వచ్చే సమాజాలకు పదిహేనేళ్ల నియమం 2015 దాకా అలాగే మిగిలింది.